వల్‌మోర్ అంటే నాకు పడదు

ఫ్రాన్స్‌లో తులూజ్ నగరానికి గంట దూరంలో వల్‌మోర్ అని ఒక చిన్న ఊరుంది. నూట నలభై ఇళ్ళు, చుట్టూ వెల్లుల్లి పొలాలు. నేనెప్పుడూ చూడలేదు. అయినా ఆ ఊరి పేరు వింటే చాలు, నాకు ఒళ్ళుమంట.

కారణం అలేఖ్య. చదువుకునేటప్పుడు ఆరు నెలలు అక్కడుండి నేలల మీద పరిశోధన చేసి వచ్చింది. ఇప్పుడు అమెరికాలో, నేపర్‌విల్‌లో మట్టి పరీక్షల ల్యాబ్‌లో పని. నేను అదే ఊళ్ళో సాఫ్ట్‌వేర్. పార్కువాళ్ళు అద్దెకిచ్చే తోటలో మా మడులు పక్కపక్కనే. నేను మడి తీసుకున్నది కూరగాయల కోసం కాదని వేరే చెప్పక్కర్లేదు.

ప్రతి శనివారం పొద్దున తొమ్మిదికి ఆమెకు వల్‌మోర్ నుంచి వీడియో కాల్ వస్తుంది. ఎతియెన్ అనే రైతు. ఆరడుగుల మనిషి, ఎండకు కమిలిన ముఖం, మోకాళ్ళదాకా బురద.

"చూడు తేజా, ఎంత అందంగా ఉందో!"

"ఎవరు, అతనా?"

"వెల్లుల్లి!"

మే నెలలో ఒక శనివారం కాల్ మధ్యలో ఆమె నావైపు తిరిగింది. "వాళ్ళ రైతుల సంఘం నాకు ఏడాది జాబ్ ఆఫర్ చేసింది. సోమవారంలోగా ఆన్సర్ చెప్పాలి."

నా చేతిలో పార ఆగిపోయింది.

"అక్కడ ఒక పద్ధతుంది తెల్సా? వెల్లుల్లి పీకే రోజుల్లో అందరూ కలిసి ఒకళ్ళ పొలానికి పోతారు. కూలి తీసుకోరు. మర్నాడు ఇంకొకళ్ళ పొలం. ఎవరి పొలమైతే వాళ్ళే భోజనం పెడతారు. మన దగ్గర ఎక్కడుంది అట్లాంటిది?"

"ఎందుకు లేదు? బదులుకెళ్ళడం అంటాం. పసుపు తవ్వేటప్పుడు మా అమ్మ రోజుకో పొలానికి బదులుకెళ్ళేది. మా పొలం తవ్విన రోజు ఇరవై మందికి నేనే అన్నం వడ్డించేవాణ్ణి."

అనేశాక నాలుక కరుచుకున్నాను.

"ఆగాగు. మీ నాన్నగారిది బిజినెస్ అన్నావ్ కదా?"

ఏడు నెలల క్రితం తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌ విందులో మొదటిసారి కలిసినప్పుడు అలాగే చెప్పాను. ఆమె తండ్రి బ్యాంకు మేనేజర్. చుట్టూ డాక్టర్ల పిల్లలు, ప్రొఫెసర్ల పిల్లలు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే.

"బిజినెస్ ఏమీ లేదు. దుగ్గిరాల దగ్గర ఎకరంన్నర పసుపు."

"అంటే ఇన్ని రోజులూ అబద్ధమా? రైతు కొడుకునని చెప్పుకోడానికి సిగ్గా నీకు?"

"నీకు ఎతియెన్ బురద నచ్చుతుంది. మా నాన్న బురద నచ్చుతుందని నాకేం తెలుసు?"

"అడగొచ్చు కదా!"

ఫోన్‌లోంచి ఎతియెన్ తొంగిచూశాడు. "ఎవ్రీథింగ్ ఓకే?"

"వన్ మినిట్!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

నా దగ్గరున్నదాన్నే దాచిపెట్టి, అదే ఇంకొకడి దగ్గర చూసి కుళ్ళుకున్నానని అప్పుడు తెలిసింది.

"మరి వెళ్ళొద్దని చెప్పవేం?" అంది, కాస్త గొంతు తగ్గించి.

"చెప్పను. నీ చదువుకు తగ్గ పని. వెళ్ళు."

"నిజంగా?"

"నిజంగా. కానీ నువ్వు అతని పక్కన నిలబడి వెల్లుల్లి పీకుతుంటే నాకిక్కడ కడుపు రగిలిపోతుంది. ఎందుకంటే నువ్వంటే నాకిష్టం. ఇది మాత్రం అబద్ధం కాదు."

ఆమె ఫోన్ ఎత్తి, ఇంగ్లీషులో చెప్పింది: "ఎతియెన్, నేను వస్తున్నాను. వెల్లుల్లి పీకే రెండు వారాలకు ఇంకో మనిషిని కూడా తెస్తాను. పని తెలిసినవాడు."

"ఫ్రెండా?"

"కాదు," అంది, మట్టిగొట్టుకున్న నా చెయ్యి పట్టుకుని. "ఇతని గురించే మా ఇంట్లో చెప్పబోతున్నాను."

ఎతియెన్ నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఏడు నెలలుగా రోజూ అద్దంలో చూస్తున్నదే.

మొదటిసారి అతని మీద జాలేసింది.