బా పెట్టిన కిచిడీ

"బా! తలుపు తియ్యి! మా బాబిన్‌కు ఏం పెట్టినవ్?"

నవత గుజరాతీలో వేసిన ఆ కేకకు మధ్యాహ్నం పూట బిల్డింగంతా వరండాల్లోకి వచ్చింది. కరోనా రోజులు కదా, అందరూ ఇళ్లలోనే ఉన్నారు. మాస్కులు మూతులకే గాని చెవులకు లేవాయె!

బాబిన్ నవత పెంచుకునే కుక్క. బట్ట నేసే సాంచాల దగ్గర, దారం చుట్టే బాబిన్ల మధ్య దొరికింది కాబట్టి ఆ పేరు. అది మొరిగితే ఊరి పక్కనున్న హజీరా రేవులో ఓడలు జడుసుకుని వెనక్కి తిరుగుతాయని నవత చెప్పేది. అలాంటి బాబిన్ ఇప్పుడు మెట్ల కింద పడి ఉంది. ఒకటే వాంతులు, విరేచనాలు. నోటి వెంట చొంగ.

తలుపు తీసింది పక్కింటి గుజరాతీ ముసలమ్మ. ఆమెను అందరూ బా, అంటే అమ్మ, అని పిలుస్తారు. రోజూ బాబిన్‌కు కిచిడీ పెట్టేది ఆమే.

"రోజూ పెట్టేదే పెట్టాను," అంది బా.

"అబద్ధం! పాసిపోయింది పెట్టినవ్! విషం పెట్టినవ్!"

బా గుమ్మం ముందున్న బాబిన్ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సాంచాల పనికి ఈ గుజరాతీ ఊరికి వలస వచ్చిన నవత తండ్రి రఘుపతి కుక్కను పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. దారంతా నవత బుసలు కొడుతూనే ఉంది.

"పోలీసులకు చెప్దాం బాపూ! ఆమెను జైల్ల పెడ్తరు!"

"జర ఊకో బిడ్డా. ముందుగాల దీని పానం సంగతి చూడనీ."

డాక్టరు బాబిన్ పొట్ట నొక్కి చూశాడు. "మందులేమైనా వేశారా?"

"ఏం వెయ్యలే సార్," అన్నాడు రఘుపతి.

"కిచిడీ సార్! పక్కింటి కిచిడీ!"

"దగ్గు కూడా ఉందే. సరే, యాంటీబయాటిక్ సూది వేద్దాం."

యాంటీబయాటిక్ అన్న మాట నవతకు కొత్త కాదు. బాపుకు జ్వరం వచ్చినప్పుడు ఇచ్చిన గోలీలను కూడా అలాగే అన్నారు. కొన్ని అల్మారాలో మిగిలాయి. ఇవాళ పొద్దున బాబిన్ దగ్గింది. దీనికీ కరోనా వచ్చిందని నవత భయపడింది. తొందరగా తగ్గాలని ఒకటి కాదు, రెండు గోలీలు బెల్లంలో పెట్టి తినిపించింది.

డాక్టరు సూది ఎత్తాడు.

"వద్దు సార్! నేనే పెట్టిన! దగ్గుతుంటే కరోనా అనుకున్న! బాపు గోలీలు... రెండు!"

మాస్కు పైన డాక్టరు కళ్లు ఎర్రబడ్డాయి.

"మీ నాన్న బరువెంత? దీని బరువెంత? కుక్క బరువు చూసి సరిగ్గా ఇచ్చినా ఆ మందు ఒక్కోసారి కడుపును పాడుచేస్తుంది. అలాంటిది రెండా! ఈ కరోనా వచ్చాక ఇంటికో డాక్టరు తయారయ్యాడు!"

టార్చి వేసి, బాబిన్ గొంతుకు అడ్డంపడ్డ ఒక దారం ముక్క లాగాడు.

"ఇదిగో, నీ కరోనా!"

సెలైను పెట్టి, సాయంత్రం దాకా చూసి పంపాడు.

మర్నాడు బాబిన్ తోకాడిస్తూ బా గుమ్మం ముందు కూర్చుంది. పళ్లెం లేదు. తలుపు మూసి ఉంది.

"మెల్లగ పోయి చెప్పి రా బిడ్డా," అన్నాడు రఘుపతి.

"మెల్లగ ఎట్ల చెప్త బాపూ? తిట్టేటప్పుడు మెల్లగ తిట్టిన్నా?"

నవత నిన్న నిలబడ్డ చోటే నిలబడింది. నిన్నటికంటే గట్టిగా అరిచింది.

"బా తప్పు లేదు! బాబిన్‌కు గోలీలు పెట్టింది నేను! బాను ఉత్తగనే తిట్టిన!"

మళ్లీ బిల్డింగంతా బయటికి వచ్చింది. తలుపు తెరుచుకుంది.

"ధీమే బోల్, మెల్లగా మాట్లాడు! నాకేం చెవుడు లేదు." బా చేతిలో పళ్లెం ఉంది. అందులో మెత్తటి కిచిడీ. దాన్ని నవత ముందుకు తోసింది. "ముందు నువ్వు తిను. విషముందేమో చూడు."

నవత తల దించుకుని ఒక ముద్ద తింది. బా ఇంకా చూస్తూనే ఉంది. ఇంకో ముద్ద తింది.

తన వాటా తగ్గిపోతోందని బాబిన్ భౌమంది. ఆ మొరుగుకు హజీరాలో ఎన్ని ఓడలు వెనక్కి తిరిగాయో ఎవరికీ తెలియదు.