అందించని పద్యం

"మొదటి మాట చెప్పు," అన్నాడు ఎరియో, పెదవులు కదపకుండా.

"ఇప్పుడేగా చెప్పాను," అంది నివెస్ అతని వీపు వెనక నుంచి.

"హెల్మెట్‌లో వినపడలేదు."

"తప్పు హెల్మెట్‌ది కాదు, లోపల ఉన్నదానిది. 'సముద్రం దాటి వచ్చిన దొంగా'. పాడు."

అతను కత్తి పైకెత్తి పాడాడు. గొంతు మాత్రం బంగారం. చెస్ట్‌నట్ చెట్ల మధ్య ఆ గడ్డి మైదానం చుట్టూ కూర్చున్న జనం ఊపిరి బిగబట్టి విన్నారు. పాట అయ్యీ అవగానే అతని కుడి చెయ్యి వెనక్కి వచ్చి, నివెస్‌కి మాత్రమే కనిపించేలా వేళ్ళు ఆడించింది. తర్వాతి చరణం కూడా రాదని దానర్థం. నివెస్ పళ్ళు నూరుకుని పేజీ తిప్పింది.

ప్రతి వేసవిలోనూ ఈ ఎమీలియా కొండల్లో ఊళ్ళవాళ్ళే వీరులవుతారు, రాణులవుతారు. నల్ల వెల్వెట్ అంగీలు తొడుక్కుని, ఈకల కిరీటాలు పెట్టుకుని, అకార్డియన్ వరసకి తాతల నాటి వీరగాథలు పాడతారు. పద్యాలు బస్తాలకొద్దీ ఉంటాయి. పొద్దంతా ఆవుల వెనకా ట్రాక్టర్ల వెనకా తిరిగేవాళ్ళకి అవన్నీ ఎక్కడ గుర్తుంటాయి? అందుకని అందించే మనిషి ఒకరు పుస్తకం పట్టుకుని మైదానంలోకే దిగి, పాడేవాళ్ళ వెనకే తిరుగుతూ చెవిలో మాట వెయ్యాలి. ఆ మనిషి అందరికీ కనిపిస్తుంది, కానీ లేనట్టే లెక్క. జనం ఆమెని చూడరు. పాడేవాళ్ళు వెనక్కి తిరగరు. అందిన మాటని అందినట్టు పాడటమే వాళ్ళ పని.

మోకాళ్ళు పట్టేసే దాకా ఆ పని సెత్తిమో తాతయ్య చేశాడు. ఇప్పుడు మనవరాలు నివెస్ చేస్తోంది. మిగతా రోజుల్లో ఊరి మందుల షాపులో కూర్చుంటుంది కాబట్టి దగ్గుల మధ్య గుసగుసలు వినడం ఆమెకి అలవాటే.

మిగతా వాళ్ళకి మొదటి మాట అందిస్తే చాలు, బండి దానంతటదే నడుస్తుంది. ఎరియోకి చరణం చరణం అందించాలి. "వాడి బుర్రలో పుట్టగొడుగులు మొలిచాయి," అని ఆమె అందరి దగ్గరా విసుక్కునేది. కానీ నిజం చెప్పుకోవాలంటే, వెల్వెట్‌కి పట్టిన కలరా ఉండల వాసన, హెల్మెట్ కింద ఎర్రగా కనిపించే ఆ చెవి, వేసవంతా ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు. ఆమె అతన్ని ప్రేమిస్తోంది. చెప్పలేదంతే. వారమంతా కింద సస్సువోలో పట్నంలో టైల్స్ ఫ్యాక్టరీలో పనిచేసి, శనివారం కొండెక్కి వచ్చేవాడికి ఆ మాట ఎప్పుడు చెప్పాలి? ఈ ఆదివారంతో ఆట ముగుస్తుంది. ఇక మంచు పడితే అతను వచ్చేదే అరుదు.

చెబుదామనే అనుకుంది. ఇంతలో లుదోవీకా వచ్చింది.

రాకుమారి వేషం వేసే ఆవిడకి కానుపు దగ్గర పడటంతో రెజ్జో పట్నం నుంచి పిలిపించిన అమ్మాయి. సంగీతం చదువుకుంటోంది. కిరీటం పెట్టుకుంటే అచ్చం రాకుమారిలాగే ఉంటుంది, తీసేసినా అలాగే ఉంటుంది, అదీ నివెస్ బాధ. ఊరంతా ఆ పిల్లని నెత్తిన పెట్టుకుంది. దుస్తులు కుట్టే దొరీనా అత్తయ్య తన దగ్గరున్న మంచి జరీ అంతా ఆమె గౌనుకే కుట్టింది. ఆ పిల్ల ఎప్పుడు చూసినా ఫోన్ పట్టుకుని వీడియోలు తీస్తుంది. "మా తమ్ముడు ఆడే గేముల్లో వీరుల కంటే నువ్వే బాగున్నావ్," అంది ఒకరోజు ఎరియోతో, అందరి ముందూ. వాడు పళ్ళికిలించాడు. ఆ ఇకిలింపు నివెస్‌కి ఇంకా కళ్ళ ముందే ఉంది.

అసలు గండం ప్రేమ ఘట్టం. ఎరియో వేసే వీరుడు గాల్వరీనో యుద్ధానికి వెళ్ళబోతూ రాకుమారి బెలింద్రా ముందు మోకాలు వంచి పాడాలి. "నువ్వు నవ్విన చోటే నా రాజ్యం, బెలింద్రా," అని మొదలవుతుంది. ఈ గాథని వేసవి చివర్లోనే ఎత్తుకున్నారు, రిహార్సల్స్‌లో ఎవరి కాగితం వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి గడిచిపోయింది. పోయిన ఆదివారం పక్క ఊళ్ళో ఆ ఘట్టానికి ముందే వాన కురిసి ఆట ఆగిపోయింది. అందరూ వానని తిట్టుకుంటుంటే నివెస్ ఒక్కతే లోపల దణ్ణం పెట్టుకుంది. ఈ రోజు ఆకాశంలో మబ్బులున్నాయి కానీ ఉలుకూ పలుకూ లేదు.

అంటే ఇప్పుడు తన నోటితో తాను ఆ మాట అతని చెవిలో వెయ్యాలి. అతను దాన్ని తీసుకెళ్ళి ఆ పిల్ల ఒళ్ళో పొయ్యాలి. మధ్యలో తను గొట్టం. నివెస్‌కి ఒళ్ళు మండింది.

"అందించను," అనుకుంది. "నోరెళ్ళబెట్టి నిలబడనీ. రాకుమారి చూస్తుంది వాడి తెలివి."

ఎరియో మోకాలు వంచాడు. నివెస్ ఎప్పుడూ నిలబడే చోటికి రెండడుగుల దూరంలో ఆగిపోయి, మూతి బిగించుకుంది. అకార్డియన్ వరస ముగిసింది.  ఎంతైనా పాపం అనిపించి, ఒక్క క్షణం నోరు తెరవబోయింది కూడా.

ఎరియో పాడేశాడు.

మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఎక్కడా ఆగకుండా, తడబడకుండా. తర్వాతి చరణం కూడా. చెయ్యి వెనక్కి రానేలేదు. జనం చప్పట్లు కొట్టారు. వేషాల గుడారం పక్కన దొరీనా అత్తయ్య ముక్కు చీదుతూ, "మనసులో ఉంటే మర్చిపోతామా తల్లీ, చూడు ఎలా పాడాడో," అంది.

అవును మరి, అనుకుంది నివెస్. వేసవంతా ఒక్క ముక్క గుర్తులేని వాడికి ఇదొక్కటే గుర్తుంది. ఇంతకంటే రుజువేం కావాలి?

ఘట్టం అయ్యాక మంచినీళ్ళ కూజా దగ్గరికి లుదోవీకా నవ్వుకుంటూ వచ్చింది.

"నివెస్, విన్నావా? ఎంత బాగా పాడాడో."

"విన్నాను. వెనకే ఉన్నానుగా. నేనూ మనిషినే."

"మంచివాడు కదా? రాత్రికి నన్ను తన కార్లో కిందికి తీసుకెళ్తానన్నాడు."

"తీసుకెళ్ళనీ," అంది నివెస్. "ముందు సీటు కొంచెం వెనక్కి జరుపుకో, నీ కిరీటం పట్టాలిగా."

లుదోవీకా ఏమీ అర్థంకాక నవ్వింది. ఆ నవ్వు కూడా బాగుంది, దాంతో మంట ఇంకాస్త పెరిగింది.

నివెస్ తిన్నగా తాతయ్య దగ్గరికి వెళ్ళి పుస్తకం ఒళ్ళో పెట్టింది.

"తాతయ్యా, నువ్వు అందించు. నాకు గొంతు నొప్పి."

"మందుల షాపు దానివి, నీకు గొంతు నొప్పేంటే?" అన్నాడు సెత్తిమో తాతయ్య. ఆమె మొహం చూశాడు. చేతికర్ర పట్టుకుని కుంటుకుంటూ మైదానంలోకి వెళ్ళాడు. నివెస్ జనం మధ్య ఖాళీగా ఉన్న ఒక మడత కుర్చీలో కూర్చుని, చేతులు కట్టుకుని, ఎటూ చూడనట్టు చూసింది.

చివరి యుద్ధం మొదలైంది. గాల్వరీనోకి ఎదురుగా సముద్రపు రాజు. ఆ వేషం వేసింది తూల్లియో, ఊళ్ళో చీజ్ చేసేవాడు, భుజాలు గడ్డివాములంత ఉంటాయి. కత్తులు డాళ్ళకి తగిలి తాళం వేశాయి. తూల్లియో కత్తి పైకెత్తి తన చరణం పాడి, అలాగే ఆగాడు. ఇప్పుడు ఎరియో జవాబు పాడాలి.

పాడలేదు.

తాతయ్య మాట అందించాడు. వయసు మీద పడి చెవుడు వచ్చిన మనిషి కదా, ఆయన గుసగుస ఆఖరి వరస దాకా వినపడింది. ఎరియో కదల్లేదు. అకార్డియన్ ఇంకో చుట్టు తిరిగింది. తాతయ్య మళ్ళీ చెప్పాడు. ఎరియో డాలు దించి, జనంలో ఎవరినో వెతుకుతున్నాడు. మొదటి వరస, రెండో వరస, చెట్ల కింద నిలబడ్డవాళ్ళు. చివరికి మడత కుర్చీ దగ్గర అతని చూపు ఆగింది.

నివెస్ తల తిప్పుకుంది. చినుకులు మొదలయ్యాయి.

"నివెస్," అని పిలిచాడు తాతయ్య. "నీ గొంతు నొప్పి తగ్గిందేమో చూసుకుని రా తల్లీ. ఈ అబ్బాయికి నా మాట ఎక్కడం లేదు."

జనమంతా చూస్తుంటే కూర్చోవడం కష్టం. లేచి వెళ్ళింది. పుస్తకం లాక్కుని ఎరియో వెనక నిలబడింది. అకార్డియన్ మళ్ళీ మొదలైంది. ఎదురుగా తూల్లియో చెయ్యి అలాగే గాల్లో ఉంది.

"మొదటి మాట చెప్పు," అన్నాడు ఎరియో.

"తాతయ్య చెప్పిన మాట అవతలి కొండ మీద ఆవులకి కూడా వినపడింది."

"నాకు వినపడలేదు."

"ఇందాక లుదోవీకా ముందు బాగానే వచ్చిందిగా. ఒక్క అక్షరం పోలేదు. అలాగే కానివ్వు."

"నాకన్నీ వచ్చు, నివెస్."

"ఏవన్నీ?"

"మొత్తం పుస్తకం. నావి, తూల్లియోవి, కథలో చచ్చిపోయేవాళ్ళవి కూడా. చలికాలమంతా ఫ్యాక్టరీ మోతలో పాడుకుంటూ నేర్చుకున్నాను."

నివెస్‌కి ముందు సంతోషం రాలేదు, కోపం వచ్చింది. "మరి వేసవంతా నన్నెందుకు తిప్పావ్ నీ వెనక? ఈ గడ్డిలో ఎన్ని చెప్పులు తెగాయో తెలుసా?"

"వచ్చని తెలిస్తే నువ్వెళ్ళి తూల్లియో వెనక నిలబడతావ్."

"నిన్ను చంపేస్తాను."

"తూల్లియో అయ్యాక నీ వంతు."

"అబద్ధాలు. ఆ ఒక్క పద్యం మాత్రం నా అవసరం లేకుండా పాడేశావ్. అందరూ చూశారు. దొరీనా అత్తయ్య ఏడ్చింది కూడా."

 చినుకులు ఎరియో హెల్మెట్ మీద టపటపమన్నాయి.

"అది నీ నోట వినలేననిపించింది," అన్నాడు. "నువ్వు నా చెవిలో ఆ మాట అంటావు. నేను దాన్ని పట్టుకెళ్ళి ఇంకొకళ్ళకి ఇచ్చెయ్యాలి. నావల్ల కాలేదు. అందుకే నువ్వు నోరు తెరిచేలోపు నేనే ఎత్తుకున్నాను."

"నేను తెరిచేదాన్నే కాదు. అందించకూడదనే వచ్చాను."

"ఎందుకు?"

"ఎందుకేంటి? కుళ్ళుతో." అనేసి ఆగలేదు నివెస్. "ఆ పిల్లకి నువ్వు ఆ మాట పాడటం నేను చూడలేక."

"ఆ పిల్లకి రాత్రి రైలుంది. స్టేషన్‌లో దింపుతానన్నాను. అంతే."

"మీ ఇద్దరి సంసారం తర్వాత చూసుకోండి," అన్నాడు సముద్రపు రాజు పళ్ళ సందునుంచి. "నా చెయ్యి పడిపోయేలా ఉంది."

అకార్డియన్ వరస చివరికొచ్చింది. ఎరియో గుండెనిండా ఊపిరి పీల్చాడు, నోరు తెరిచాడు, తెరిచినట్టే ఉండిపోయాడు.

"నివెస్, అందించు."

"ఇంకా నటిస్తావేం?"

"నటన కాదు. ఈసారి నిజంగానే పోయింది."

ఆమె పేజీలోకి చూసింది. అక్షరాలు కనపడలేదు. వాన వల్లో కన్నీళ్ళ వల్లో ఆమెకే తెలియదు. అకార్డియన్ ఆగింది. జనమంతా ఎదురుచూస్తున్నారు. ఏదో ఒకటి అందించాలి. నోటికి ఏది వస్తే అది అందించేసింది.

"నువ్వు నవ్విన చోటే నా రాజ్యం."

అన్నాక నాలిక కరుచుకుంది. ఎదురుగా ఉన్నది గడ్డం పెంచిన తూల్లియో. కానీ అందిన మాట అందినట్టే, ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఎరియో పాడాడు. మొదటి మాటకే తూల్లియో కనుబొమలు హెల్మెట్‌లోకి పోయాయి. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు ఎరియో, ఈ కొండల్లో ఏ వీరుడూ ఎన్నడూ చెయ్యని పని చేశాడు. శత్రువుకి వీపు చూపించి, అందించే అమ్మాయి వైపు తిరిగాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. బెలింద్రా అని ఉన్నచోట నివెస్ అని పాడాడు.

జనం నవ్వు ఆగిపోయింది. అందరూ ఒక్కసారిగా ఆమెని చూశారు. పొద్దున్నుంచీ మైదానంలోనే ఉంది, ఇప్పుడే కనిపించింది వాళ్ళకి. తడిసిన జుట్టుతో, పుస్తకాన్ని గుండెకి అదుముకుని, ఎటు పోవాలో తెలియక నిలబడి ఉంది. ముందు చప్పట్లు కొట్టింది లుదోవీకా. తూల్లియో కత్తి నేలకి దించి, "ఓడిపోయినట్టేలే నేను," అని చెయ్యి రుద్దుకుంటూ గుడారం వైపు నడిచాడు.

చరణం ముగిసింది. వాన పెరిగింది. గొడుగులు తెరుచుకున్నాయి గానీ ఎవరూ లేవలేదు. అకార్డియన్ ఆయన ఏం చెయ్యాలో తోచక సెత్తిమో తాతయ్య వైపు చూశాడు.

తాతయ్య చేతికర్ర మీద గడ్డం ఆనించి మనవరాల్ని చూశాడు, తర్వాత ఆ అబ్బాయిని చూశాడు.

"మళ్ళీ వాయించు," అన్నాడు. "ఇప్పుడు అమ్మాయి పాడాలి."