ఓడిపోయిన డిస్కు వైపు

పాల్ ఖిల్లా ఘణపూర్‌లో బస్సు దిగేసరికి తుంపర పడుతోంది. జేబురుమాలు తలమీద వేసుకుని, సాయితేజ ఇల్లెక్కడని ఇద్దరిని అడిగాడు. ఇద్దరూ చెయ్యి చూపించారు తప్ప నోరు విప్పలేదు. పాల్ అది పట్టించుకోలేదు. గెలిచినవాడి హుషారులో ఉన్నాడు.

రెండేళ్ల పోరు మరి! గద్వాల పాత బస్టాండు దగ్గర పాల్‌కు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. మిగిలిన టైమంతా సినిమాలే. అవీ ఫోన్‌లో కాదు, డిస్కు వేసి చూడాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్లో అలాంటి పిచ్చివాళ్లు ముప్పై మంది ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ఇరవై తొమ్మిది మందిది బ్లూ-రే జట్టు. ఒక్క ఘణపూర్ సాయి మాత్రం హెచ్‌డీ డీవీడీ అంటాడు.

ఒకప్పుడు ఆ రెండు డిస్కులకూ పెద్ద పోటీ నడిచింది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదాని ప్లేయర్‌లో ఇంకొకటి ఆడదు. 2008లో హెచ్‌డీ డీవీడీ ఓడిపోయి, తయారీ కూడా ఆగిపోయింది. ఆ కబురు సాయికి మాత్రం ఇంకా చేరనట్టే ఉండేది.

"బ్లూ-రేల యాబై జీబీ పడ్తది. నీ దాంట్ల ముప్పై. గంత తెల్వదా?" అని పాల్ పెట్టేవాడు.

"నీ డిస్కుకు దేశానికో తాళం. మాది యాడ కొన్నా యాడనైనా ఆడ్తది. బొమ్మకు పాస్‌పోర్టు ఎందుకురా?" అని సాయి.

ఈమధ్య ఆ జవాబుల్లో కారం ఎక్కువైంది. "చుక్కలు లెక్కపెట్టనీకె టీవీకి మూతి ఆనిచ్చి చూస్తవా సినిమా? జర ఎనక్కి జరుగు. కథ గూడ కనిపిస్తది." అది చదివి పాల్ రెండు రోజులు తనలో తానే నవ్వుకున్నాడు. సమానంగా కొట్టే జవాబు దొరక్క ఉడికిపోయి, చివరికి రాశాడు: "సచ్చిన డిస్కును పట్టుకోని ఏడ్చెటోడు గూడ సచ్చినోని కిందనే లెక్క."

సాయి మళ్లీ మాట్లాడలేదు. నలభై రోజుల తర్వాత ఆ నంబరు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ప్లేయరు, డిస్కులు ఇచ్చేస్తున్నాం, కావలసినవాళ్లు వచ్చి తీసుకుపొమ్మని. సాయి ఓటమి ఒప్పుకున్నాడని పాల్ బయల్దేరాడు.

తలుపు తీసిన అమ్మాయి చేతిలో ఎర్ర పెన్ను, పిల్లల పరీక్ష పేపర్లు ఉన్నాయి. పెద్ద కళ్లు. నిద్రలేక ఎర్రబడ్డ కళ్లు.

"ఎవలు గావాలె?"

"సాయి ఉన్నడా? నేను గద్వాల పాల్. ఓడిపోయినోడు మొఖం చూపిస్తలేడా ఏంది?" అన్నాడు నవ్వుతూ.

ఆమె అతన్ని కింది నుంచి పైకి ఒకసారి చూసింది.

"నువ్వేనా పాల్?"

"నేనే."

"లోపల గోడకున్నడు. చూసుకో."

పాల్ తొంగి చూశాడు. పూలదండ వేసిన ఫోటోలో సాయి నవ్వుతున్నాడు.

పాల్ అరుగు మీద కూలబడ్డాడు. వాన పెద్దదైంది. ఆమె నిలబడే చెప్పింది. పేరు నవనీత, సాయి చెల్లెలు. అన్నకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వనపర్తిలో టీవీ మెకానిక్ పని మానేసి, అదే వనపర్తికి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయేవాడు. నాలుగు గంటలు చెయ్యి కదపకూడదు. అందుకే దసరా నుంచి అన్న చెబుతుంటే మెసేజ్‌లు తనే టైప్ చేసేది.

"ఆఖరి మెసేజ్... చదివిండా?" అని అడిగాడు పాల్.

"నేనే చదివి ఇనిపించిన. అప్పటికి నాకు బుద్ధి లేదు."

"ఏమన్నడు?"

"ఏమనలే. అటు తిరిగి పండుకున్నడు. పది దినాలకు పాయె." ఆమె పేపర్లు చంకలో పెట్టుకుంది. "డిస్కులు ఆ పెట్టెల ఉన్నయ్. తీస్కపో. గెల్చినవ్ గద."

అప్పుడే లోపలి నుంచి తల్లి అమృతమ్మ గొంతు వినబడింది. "ఎవలే నవనీతా? సాయి దోస్తా? వానల నిలబెట్టినవేందే, అన్నం తిననియ్యి!"

తల్లికి ఆ మెసేజ్ సంగతి తెలియదు. నవనీత చెప్పలేదు. పాల్ ఆ ఇంట్లో కూర్చుని జొన్నరొట్టె, పప్పు తిన్నాడు. ఒక్కో ముక్కకు ఒక్కో గుటక నీళ్లు తాగితే తప్ప గొంతు దిగలేదు. అమృతమ్మ మాత్రం "సాయి గూడ గిట్లనే మెల్లగ తింటుండె" అంటూ ఇంకో రొట్టె వేసింది.

పోయే ముందు పాల్ ప్లేయర్ ఆన్ చేసి చూశాడు. డిస్కు తిరుగుతోంది కానీ బొమ్మ రావడం లేదు. లోపల ఇరుక్కున్న సినిమాను సాయి సగం చూసి ఆపేశాడట. దవాఖాన నుంచి వచ్చాక మిగిలింది చూస్తానన్నాడట.

"దీన్ని నేను బాగు చేయిస్త," అన్నాడు పాల్.

"నీ జట్టుది గాదు గద. నీకెందుకు?"

పాల్ ప్లేయర్‌ను తువ్వాల్లో చుట్టి, వానలో గుండెకు అదుముకుని బస్సెక్కాడు. డిస్కుల పెట్టె ముట్టుకోలేదు.

ప్లేయర్‌లో డిస్కును చదివే లేజర్ ముక్క పాడైంది. అది ఎక్కడా దొరకలేదు. ప్రతి ఆదివారం హైదరాబాద్ పోయి పాత సామాన్ల బజార్లన్నీ తిరిగాడు. సాయంత్రం నవనీత ఫోన్ చేసేది. మొదట్లో రెండు ముక్కలే.

"దొరికిందా?"

"లేదు. పేరు చెప్తే నవ్వుతున్నరు."

"నవ్వనీ. రెండేండ్లు నువ్వు నవ్వలేదా?"

రెండో ఆదివారం ఇంకొంచెం మాట్లాడింది. మూడో ఆదివారం పాల్ అడిగాడు. "టీవీకి మూతి ఆనిచ్చి చూస్తవా అన్నడు గద, ఆ మాటకు నేను రెండు దినాలు నవ్విన. సాయి మస్తు మాటకారి."

అవతల పేపర్లు పక్కన పెట్టిన చప్పుడైంది.

"అది అన్న చెప్పలే. నేనే రాసిన."

"నువ్వా?"

"అన్న నిద్రల ఉన్నడు. నీ మీద కోపమొచ్చి రాసిన. లేచినంక సదివి నవ్విండు. నొప్పొస్తుంది నవ్వియ్యకే అన్నడు. నవ్వంగ చూసింది గదే ఆఖరు."

పాల్ ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు. ఇద్దరూ పెట్టెయ్యలేదు.

నాలుగో ఆదివారం, పనికిరాని ఇంకో ప్లేయర్ నుంచి ఆ ముక్క దొరికింది. రెండు రోజులు స్టూడియో మూసి బిగించాడు. మరుసటి రోజు పొద్దున్నే ఘణపూర్ చేరాడు. అమృతమ్మ, నవనీత నేలమీద కూర్చున్నారు. సాయి తండ్రి యాదయ్య చేనుకు పోబోతూ గడప దగ్గరే ఆగిపోయాడు.

బొమ్మ పడింది. మంచుకొండ. ఇద్దరు అన్నదమ్ములు, ఒక గుర్రం. కొండ దాటి అవతలి ఊరు చేరాలి.

"ఎంత తెల్లగున్నదిర ఆ మంచు," అంది అమృతమ్మ.

పాల్ ఏ చుక్కలూ లెక్కపెట్టలేదు. వెలుగుతున్న నవనీత ముఖం చూశాడు. ఆమె ఒకసారి ఇటు తిరిగి, దొంగను పట్టుకున్నట్టు చూసి, కొంగు సర్దుకుంది.

గంట దాటాక బొమ్మ ముక్కలైంది. ఆగిపోయింది. పాల్ డిస్కు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. అంచున మచ్చలు. పాతబడి లోపలి పూత తినేసింది. దానికి ఎవరూ ఏం చెయ్యలేరు.

"గింతేనా?" అంది అమృతమ్మ చిన్నపిల్లలా.

"మిగిలిన కథ నాకు తెలుసమ్మా. నేను చూసిన. చెప్త."

చెప్పాడు. గుర్రం జారిపడటం, గాలివాన, ఒక్క కంబళి ఇద్దరూ కప్పుకోవడం. చివరి మలుపు దగ్గరకొచ్చి తల్లి కళ్లు చూసి ఆగిపోయాడు. "తెల్లారేసరికి... ఇద్దరు..."

"అమ్మ కోసం మార్చకు," అంది నవనీత. "ఉన్నదే చెప్పు."

పాల్ తల వంచుకున్నాడు. "అన్న మంచులనే ఉండిపోయిండు. కంబళి మొత్తం తమ్ముని మీద కప్పిండు. తమ్ముడొక్కడే దాటిండు."

అమృతమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. కొడుకు పోయిన రోజు కూడా ఏడవని మనిషి అప్పుడు భోరుమంది. నవనీత తల్లిని పట్టుకుంది.

ఉన్నదే చెప్పమన్న మాట పాల్ గుండెలో గుచ్చుకుంది. ఇక దాచలేకపోయాడు.

"ఇంకొకటి చెప్పాలె," అన్నాడు. ఆ మెసేజ్ అక్షరం మార్చకుండా చెప్పాడు. సాయికి వినబడ్డ ఆఖరి మాటల్లో అది ఒకటని చెప్పాడు.

యాదయ్య గడప మీంచి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

"లేచి పో," అన్నాడు.

పాల్ పోయాడు.

తర్వాత ఫోన్ మోగలేదు. పాల్ కూడా చెయ్యలేదు. చేసే ముఖం లేదు. గ్రూపులో మాత్రం అంతా రాశాడు. సాయి ఎప్పుడు పోయాడు, తను ఏమన్నాడు, సాయి డిస్కులో ఆ మంచుకొండ ఎంత బాగుంది. మిగిలిన ఇరవై ఎనిమిది మందిలో ఒక్కరూ డిస్కు గురించి వాదించలేదు.

నెల దాటాక, జోరువానలో నవనీత స్టూడియో గుమ్మంలో నిలబడింది. జడ నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అమ్మ అడుగుతుంది, ఆ పిలగాడు వస్తలేడేందని."

"నువ్వు?"

"నేనెందుకు అడుగుతా? బస్సెక్కి వచ్చిన గద."

పాల్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నన్ను చూస్తే ఆ మాట యాదికొస్తలేదా?"

"వస్తది. ఎప్పటికొస్తది. కనీ నువ్వు నాకొక్కదానికే చెప్పి దాయమంటే నేను దాస్తుంటి. గప్పుడు నువ్వు నాకు నచ్చకపోతుంటివి."

"నవనీతా, నేను నిన్ను..."

"జర ఆగు. నాయనకు అంత చెప్పిన. ఆయన గూడ వచ్చిండు."

యాదయ్య గొడుగు ముడుస్తూ లోపలికొచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడకున్న పెళ్లి ఫోటోలు ఒక్కొక్కటీ చూశాడు.

"మీదేవూరు?"

"రాజోలి. అమ్మ విజయమ్మ, నాయన శాంతయ్య. పూణెల బిల్డింగు పని చేస్తున్నరు."

"చర్చికి పోతరా?"

"పోతం."

ఆయన ఇంకో ఫోటో ముందుకు జరిగాడు.

"నువ్వన్న మాట నేను మరువ," అన్నాడు యాదయ్య. "కనీ మా సాయి పోయినంక ఊర్ల ఎవలు వాని పేరు తీస్తలేరు. మేము బాధపడ్తమని. నువ్వొచ్చినవ్, వాని పేరు తీసినవ్, వాని తల్లి మనసుదీర ఏడ్చింది. ఆ దినం నుంచి నిద్రపోతుంది."

గొడుగు మళ్లీ విప్పాడు.

"మీ అమ్మానాయనకు ఫోన్ చెయ్యి. ఐతారం మీ చర్చి అయినంక మా ఇంటికి తోల్కరా. పిల్లనిస్తనని అంటలేను. కూసోని మాట్లాడుకుంటం."

ఆయన వానలోకి దిగాడు. నవనీత తండ్రి వెనకే రెండడుగులు వేసి, ఆగి, తిరిగి చూసింది. కళ్లనిండా నీళ్లు, పెదవుల మీద నవ్వు.

పాల్ అప్పటికే పూణెకు ఫోన్ కలిపాడు.

"అమ్మా, ఐతారానికి రాండి ఇద్దరు."

"ఏమైంది బిడ్డా? మంచిదేనా?"

"మంచిదేనమ్మా," అనబోయాడు. ఏడుపు ముందొచ్చింది. అవతల తల్లి పరేషానై ఏమైంది, ఏమైంది అని అడుగుతూనే ఉంది.