మాలచ్చి సవరం

కేశదర్శిని కింద తల వంచగానే నూకరత్నానికి కూతురి పేరు వినిపించింది.

"శుభోదయం, మాలచ్చి గారూ. మీ జుట్టు ఆరోగ్యంగా ఉంది. పనిలోకి వెళ్లండి."

పచ్చ తలుపు తెరుచుకుంది. వెనక వరసలో నిలబడ్డ ఆడవాళ్ల మాటలు ఠక్కున ఆగిపోయాయి. మాలచ్చి చచ్చిపోయి ఇరవై రెండు రోజులైంది. నూకరత్నం వెనక్కి తిరగలేదు. జడ ఓసారి తడుముకుని లోపలికి నడిచింది.

మైల పోయిన మర్నాటి నుంచీ ఇదే తంతు. మాలచ్చి తలనుంచి రాలిన వెంట్రుకల్ని నూకరత్నం రెండేళ్లుగా ఉండలు చుట్టి గోడ సందులో దాచింది. పిల్ల పోయాక వాటితో సవరం కట్టించి తన జడలో కలిపి అల్లుకుంది. తల్లి జుట్టు పలచన, సవరం మందం. గేటు దగ్గరి యంత్రం మనిషిని జుట్టుతోనే గుర్తుపడుతుంది, ఏది ఎక్కువుంటే దాన్ని చదువుతుంది. కంపెనీ జాబితాలో మాలచ్చి పేరు ఇంకా బతికే ఉంది. చచ్చిపోయిందని రాస్తే ఎందుకు చచ్చిపోయిందో కూడా రాయాలి. అందుకే ఎవరూ రాయలేదు.

భీమిలి దగ్గరున్న ఆ రొయ్యల కంపెనీలోనే కాదు, ఆ కాలంలో ఒళ్లు వంచి బతికే ప్రతిచోటా ఇంతే. వెంట్రుక నెలకి అరంగుళం పెరుగుతుంది. మనిషి తిన్న తిండీ, పోయిన నిద్రా, మింగిన ఏడుపూ అన్నీ అందులో పడతాయని చదువుకున్నవాళ్లు కనిపెట్టారు. పడతాయి, నిజమే. దాంతో రక్తం తీయడం మానేశారు, నాడి పట్టడం మానేశారు, ఎలా ఉన్నావమ్మా అని అడగడం కూడా మానేశారు. గేటు దగ్గర కేశదర్శినిని నిలబెట్టారు. జుట్టు బాగుంటే పచ్చ తలుపు, పని. బాగోకపోతే ఎర్ర తలుపు, డాక్టరు. నెలలో రెండోసారి ఎర్ర తలుపు పడితే పేరు కొట్టేస్తారు.

ఆ తరవాత అదే కంపెనీ ఇంటింటికీ ఒక పోషదువ్వెన ఉచితంగా పంచింది. జుట్టు సంరక్షణ మీ చేతుల్లోనే అని పాట కూడా కట్టింది. పొద్దునా సాయంత్రం దువ్వితే దాని పళ్లలోంచి మెరుగురసం ఊరి, జుట్టు నేరేడు పండులా నిగనిగలాడుతుంది. ఒక చేత్తో జుట్టు చూసి మనిషిని కొలిచే యంత్రం, ఇంకో చేత్తో ఆ జుట్టుకే పూత పూసే యంత్రం! ఇందులో మోసం ఎవరికీ తట్టలేదంటే నమ్మకండి. తట్టినవాళ్లకి తట్టనట్టుండడమే లాభం.

మధ్యాహ్నం తిండి వేళ ఆడవాళ్లంతా వెనక రేకుల పాకలో బోర్లించిన ఐసు ట్రేల మీద కూర్చున్నారు. ఆడకూలీల సంఘం నడిపే దేముడమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చి నూకరత్నం పక్కన చతికిలబడింది.

"ఏటే, సచ్చిన పిల్ల పనికొచ్చినట్టు మస్తరు నువ్వేత్తన్నావు. నీ మస్తరు ఎవులేత్తారు? నువ్వు పనికే రానట్టున్నాది ఆ గేటు తెరమీద."

"లేకపోతే లేదులే అప్పా."

"నాలుగు రోజులు పోతే నీ పేరూ కొట్టెత్తారు. ఆ సవరం ఇయ్యి నాకు. లేబరాపీసు విచారణకి పెడతాను. మెరుగురసం పైపూతేనట. ఎంట్రుక కరిగించి సూత్తే లోపల ఉన్నదున్నట్టు తెలుస్తాదట."

"కరిగించెత్తారా? మళ్లీ ఇయ్యరా?"

"ఇయ్యరు."

"ఒక పోగు అట్టుకెళ్లు."

"ఒక్క పోగైతే ఎవులిదో అంటారు. మొత్తం కావాల."

నూకరత్నం జడను ముందుకు లాక్కుని రెండు చేతుల్తో పట్టుకుంది. "నానియ్యను. అది మాటాడతాది అప్పా. రోజూ పొద్దున్నే నా పిల్ల బాగుందని సెప్తాది."

"బాగుందనే కదే సంపేసింది!"

పాకలో అందరూ ఇటే తిరిగారు. అయినా దేముడమ్మ గొంతు తగ్గించలేదు. "కళ్లు తెరిసి సూడే. రెండేళ్లలో ఇంత లావు సవరం రాలిందంటే ఆ తల బాగున్నట్టా?"

అది నూకరత్నానికి తెలియక కాదు. అందరికంటే ఆమెకే ముందు తెలుసు. గుప్పెడు గుప్పెడు ఊడొచ్చిన వెంట్రుకల్ని ఏరింది ఆమె చేతులే. ఆ చివరి రోజు పొద్దున్న మాలచ్చి గుమ్మంలో కూలబడి, "కళ్లు తిరగతన్నాయే అమ్మా, దువ్వకే, ఎర్ర తలుపుకే పోతానివాళ" అంది. ఆ నెలలో అప్పటికే ఒకసారి ఎర్ర తలుపు పడింది. "ఒక్క పూట ఓర్సుకో తల్లీ" అని నూకరత్నం కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని పోషదువ్వెనతో దువ్వింది. ఒకసారి కాదు, మూడుసార్లు. పాయ పాయా విడదీసి, మాడు నుంచి చివరిదాకా ఎంత ప్రేమగా దువ్విందో! పచ్చ తలుపు తెరుచుకుంది. పదిగంటలకి మంచుగదిలో రొయ్యల పెట్టెల మధ్య పిల్ల పడిపోయింది. ఒంట్లో రక్తమే లేదన్నారు, అంతా అయిపోయాక.

ఆ పొద్దున దువ్వెనకి ఊడొచ్చిన వెంట్రుకలూ సవరంలోనే ఉన్నాయి, అది కరిగితే ఆ మూడు దువ్వుళ్లూ బయటపడతాయి. యంత్రం ఆ పేరు పిలిచి బాగుందన్నంతసేపు, తన చేతిలో తప్పు లేదు.

అప్పుడే వరహాలు లోపలికి వచ్చింది. పందొమ్మిదేళ్లుంటాయి, మంచుగదిలో మాలచ్చి చోటు ఇప్పుడు ఈ పిల్లదే. గుంజ పట్టుకుని ఒక్క క్షణం ఆగి, మెల్లగా కూర్చుంది. మాలచ్చీ అలాగే గుంజ పట్టుకునేది.

"ఇలా రాయే" అని నూకరత్నం ఆ పిల్ల జడలోకి వేళ్లు పోనిచ్చింది. పట్టులా జారింది జుట్టు. చెయ్యి తీసేసరికి వేళ్లకి చుట్టుకుని సగం గుప్పెడు వచ్చింది.

వరహాలు నవ్వింది. "ఊరికే రాలతాది పెద్దమ్మా, పారెయ్యకేం. ఉండలు సుట్టి దాత్తన్నాను. నానూ నీలాగ సవరం కట్టించుకుంతాను."

నూకరత్నం ఆ వెంట్రుకల వంక చూసింది. పిల్ల మొహం వంక చూసింది. కింది రెప్పలు రక్తం లేనట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. రోజూ మొహాలు చూసుకునే పాతికమంది ఆడవాళ్లలో ఒక్కరూ ఆ రెప్పలు చూడలేదు. అందరూ జుట్టు చూసి, బాగున్నావే అనుకుని పోతున్నారు.

ఆమె జడ విప్పింది. సవరాన్ని ఒళ్లో పరుచుకుని, బొడ్డులోంచి తన తల్లినాటి కొమ్ముదువ్వెన తీసి, కింది కొసల నుంచి చిక్కు తీయడం మొదలుపెట్టింది.

"నూనె రాయకే, పరీచ్చకి పనికిరాదు" అంది దేముడమ్మ, ఈసారి మెల్లగా.

"తెల్సు." చిక్కంతా తీసి, మడిచి, చీర చెంగుతో ఒకసారి తుడిచి ఇచ్చేసింది. "మూడుసార్లు దువ్వేనని నానే సెప్తాను. అదీ రాయించు."

మర్నాడు పొద్దున వరసలో నూకరత్నం వెనకే వరహాలు నిలబడింది. పిల్ల చెయ్యి నూకరత్నం పట్టుకునే ఉంది. కేశదర్శిని కింద తల వంచింది. మైల రోజుల నుంచీ పోషదువ్వెన ముట్టని తల అది.

"నూకరత్నం గారూ, మీ జుట్టు అనారోగ్యంగా ఉంది. వైద్యుణ్ణి కలవండి."

ఇంకో పేరు కోసం ఆమె చెవి ఒక క్షణం వెతుక్కుంది. రాలేదు. ఎర్ర తలుపు తెరుచుకుంది. నూకరత్నం వరహాలును ముందుకు లాగి, తన చంక కింద నుంచి లోపలికి తోసేసింది.

"ఆగండి. లోపలికి వచ్చిన వ్యక్తి జుట్టు ఆరోగ్యంగా ఉంది. ఆగండి."

లోపల కుర్రడాక్టరు ఉలిక్కిపడి లేచాడు. అలవాటు కొద్దీ ముందు తెర చూశాడు. "ఈ అమ్మాయికి బాగానే ఉందమ్మా."

"నా పిల్లకీ బాగానే ఉన్నాది బాబూ. సచ్చిపోయేక కూడా పదిరోజులు బాగుందనే సెప్పింది నీ మిసను. తెర సూడకు. దీని కన్ను కిందకి లాగి సూడు."

తలుపు రెక్కలు మూసుకోబోయి ఆమె రెండు భుజాలకీ తగిలాయి. వెనక్కి పోయి మళ్లీ తగిలాయి. నూకరత్నం గడపలోంచి కదల్లేదు. డాక్టరు కాసేపు తెర వంకా ఆ పిల్ల వంకా చూసి, ఎప్పుడో నేర్చుకుని మరిచిపోయిన పనిని గుర్తుచేసుకుంటున్నవాడిలా, బొటనవేలితో వరహాలు కింది రెప్ప లాగాడు.