అతుకు అయ్యేదాకా

“హోల్డ్ ఔట్, ఏజెంట్ నిజాముద్దీన్! పది నిమిషాలు!”

ఇయర్‌పీస్‌లో చీఫ్ మధుసూదన్ గొంతు. బీచుపల్లి వంతెన కింద విదేశీ ముఠా బాంబు పెట్టింది. పైన ట్రాఫిక్ జామ్. ఏడు బస్సులు కదలడం లేదు. బాంబు స్క్వాడ్ ఇప్పుడే దిగింది.

పేల్చే రిమోట్‌ను నిజాముద్దీన్ ముఠా దగ్గర కొట్టేశాడు. దాన్ని పగలగొట్టినా బాంబు పేలుతుంది. కాలిలో తూటా, చేతిలో ఖాళీ పిస్టల్. చీరల బేరగాడి వేషంలోనే గద్వాలలో ఒక మగ్గం ఇంట్లో దూరాడు. రిమోట్‌ను మగ్గం గుంతలో, నేతగాడు భీమయ్య కాళ్ల దగ్గర పెట్టాడు.

“పది నిమిషాలు హోల్డ్ ఔట్ చెయ్యాలె, భీమయ్యా.”

“గదేంది సారూ?”

“శత్రువులు ఒక కోటను చుట్టుముట్టిండ్రనుకో. తిండి లేదు, మందుగుండు లేదు. అయినా సాయం వచ్చేదాకా తలుపు తియ్యకుండ నిలబడుడు.”

“సాయం రాకుంటే?”

“అప్పుడా మాట వాడరు. చచ్చిండంటరు.”

తలుపు విరిగింది. సైలెన్సర్ పిస్టల్‌తో భార్గవి. నిన్నటిదాకా ఏజెన్సీలో నిజాముద్దీన్ జోడీ. ముఠాకు అమ్ముడుపోయిందని ఇవాళే తెలిసింది.

“రిమోట్ ఏది?”

ఆమె నూలు మూటలు చించింది. అటక మీది సామాను కిందికి గుంజింది. చివరికి మగ్గం వైపు తిరిగింది.

“లే, పెద్దయ్యా.”

“అతుకు నడుమ ఉన్న బిడ్డా. అయ్యేదాకా లేవొద్దు.”

భీమయ్య పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెడుతున్నాడు. భార్గవి పిస్టల్ కొంచెం కిందికి దించింది.

“నేనూ మగ్గం ఇంట్ల పుట్టినదాన్నే. మా నాయిన పిడుగు పడ్డా లేవకపోతుండె. పేల్చేది పదకొండుకు. జల్ది కానియ్.”

పోగు. ఇంకో పోగు. నిజాముద్దీన్ కాలి నెత్తురు గుంత దాకా పారింది. పది యాభై తొమ్మిది.

“చాలు!” ఆమె ముసలాయన్ను పక్కకు నెట్టి, గుంతలో చెయ్యి పెట్టి, రిమోట్ నొక్కింది.

ఏమీ కాలేదు.

“వైరు తెంపేశాం,” అన్నాడు ఇయర్‌పీస్‌లో మధుసూదన్. ఆ వెంటనే పోలీసులు లోపలికి ఉరికారు.

బేడీలు పడుతుంటే భార్గవి చూపు మగ్గం మీద పడింది. “ఇంతసేపట్ల ఇరవై పోగులేనా?”

“మెలిపెట్టినయే విప్పి మళ్ల మెలిపెట్టిన బిడ్డా,” అన్నాడు భీమయ్య. “మీ నాయిన అయితే పట్టుకుంటుండె.”