యాభై ఐదు నిమిషాల టికెట్టు

"లిస్టులో పదకొండు పేర్లు. ఏడోది నీ చెల్లెలిది."

వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు పెద్దాయన. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. ఎదురుగా నిలబడ్డ ఏజెంటును మాత్రం నత్త అంటారు. నడక మెల్లన అని కాదు, ఎక్కడ అంటిస్తే అక్కడే అంటుకుపోతాడని.

నత్త వేళ్ళు మడుస్తూ ఏడు దాకా లెక్కపెట్టుకున్నాడు. శత్రుదేశపు మనిషిని పెళ్ళాడి అక్కడికి వెళ్ళిన చెల్లెలు ఇప్పుడు వాళ్ళ రక్షణశాఖలో టైపిస్టు. నాలుగేళ్ళ కిందట ఆ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టింది తనే. "భయమెందుకే, నేను లేనూ?" అన్నదీ తనే.

"మన బీరువాలోంచి లిస్టు పోయి మూడు రోజులు. అది వాళ్ళ దేశం చేరిందా, అక్కడున్న మన గూఢచారులు పదకొండు మందికీ ఆ రోజే ఆఖరు. ఎత్తుకుపోయిన ముఠాలో ఉన్న మన మనిషి దాన్ని తిరిగి కొట్టేసింది," అన్నాడు పెద్దాయన.

"అత్తరా సార్?"

"అత్తరే!" ఆయన మొహం వెలిగింది. మనిషి వెళ్ళిపోయాక గంటసేపు గదిలో వాసన మిగులుతుందని ఆమెకా పేరు. "పక్క దేశంలో దాక్కుని ఉంది. రేపు పొద్దున తొమ్మిదింటికి విమానం ఎక్కి మన ఊళ్ళో దిగుతుంది. అసలది పద్దెనిమిది గంటల విమానమయ్యా. ఎక్కడో బయల్దేరి, పక్క దేశంలో ఒకసారి వాలి, మన ఊళ్ళో ఒకసారి వాలి, ఆపైన పదమూడు గంటలు ఆగకుండా శత్రువుల రాజధానికి పోతుంది. మనది మధ్యలో యాభై ఐదు నిమిషాల ముక్క. బస్సులో ఒక స్టాపు ఎక్కి దిగినట్టు."

"వాళ్ళ దేశానికి పోయే విమానంలోనే మన దగ్గరికొస్తుందా సార్?"

"గుండెధైర్యమంటే అదీ! ముఠావాళ్ళు వెతకని చోటు అదొక్కటే. నువ్వు నాలుగు వరసల వెనక కూచో, ఆమెకు తెలియకూడదు. క్షేమంగా దిగితే ఫోన్ చేసి 'తూకం సరిపోయింది' అను. తేడా వస్తే 'తూకం తప్పింది' అను. ఒక్కటి గుర్తుంచుకో. విమానం వాళ్ళది, లోపలంతా వాళ్ళ నేల. కెప్టెన్ పిలవందే మా కాలు గడప దాటదు."

మర్నాడు పొద్దున పక్క దేశంలో నత్త విత్తనాల కంపెనీ సేల్స్‌మన్ వేషంలో విమానం ఎక్కాడు. పెట్టుడు మీసం, భుజాన సంచీ. చెవిలో వినికిడి మిషన్‌లా కనిపించేది అసలు నాలుగు వరసల అవతలి గుసగుసలు పట్టే యంత్రం. పక్క సీటులో ఒక పసివాడు ఏడుపు లంకించుకోవడంతో ఆ యంత్రం వాడి ఏడుపును పదింతలు చేసి చెవిలో పోసింది. నత్త దాన్ని పీకి జేబులో వేసుకున్నాడు.

ఎకానమీ క్యాబిన్‌లో రెండు జాతుల జనం ఉన్నారు. ఎప్పటినుంచో ఎగురుతున్నవాళ్ళు దుప్పట్లు కప్పుకుని, నోళ్ళు తెరుచుకుని, విమానంవాళ్ళిచ్చిన ఊలు మేజోళ్ళు తొడుక్కుని సీట్లలో కాపురం పెట్టేశారు. చిన్నముక్క టికెట్టువాళ్ళు మాత్రం సంచీ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూచున్నారు. దుప్పటి కవరు చింపడానికి కూడా ఎవరికీ బుద్ధి పుట్టలేదు.

అత్తరు నీలం కోటులో, నల్ల కళ్ళజోడుతో దర్జాగా కూర్చుని ఉంది. నత్త ఊపిరి కొంచెం కుదుటపడింది. యాభై ఐదు నిమిషాలు. ఎంతలోకి?

విమానం పైకి లేచిన పది నిమిషాలకి ఆమె మడమల బూట్లు విప్పింది. ఊలు మేజోళ్ళు చింపి తొడుక్కుంది. ఆపైన చేతి గడియారం ముల్లు తిప్పింది. ఒకటీ అరా కాదు, ఆరు గంటలు ముందుకి, శత్రువుల రాజధాని టైముకి.

నత్త మెడ సాచి చూశాడు. మన ఊళ్ళో దిగేవాళ్ళకి గడియారంతో పనేంటి? రోజల్లా కూర్చోబోయే మనిషి తప్ప కాళ్ళనంత శ్రద్ధగా ఎవరు సర్దుకుంటారు?

ఈవిడ దిగదు.

ఇరవై నిమిషాలకి ఆమె లేచి వెనక బాత్‌రూమ్‌కి వెళ్ళింది. బూడిదరంగు శాలువా కప్పుకున్న ఒక ప్రయాణికురాలు ఆ తలుపు దగ్గరే కాసుకుని ఉండి, ఆమెతోపాటే లోపలికి దూరింది. చాలాసేపటికి నీలం కోటు బయటికొచ్చి, అత్తరు సీటులో కూచుని, మడమల బూట్లు తొడుక్కుంది. బూటు ఒక సైజు పెద్దది. కాలు కదిపినప్పుడల్లా మడమ జారుతోంది. ఆ వెనకే బూడిదరంగు శాలువా ముసుగుతో వచ్చి, కిటికీ పక్కన దుప్పటి కప్పుకుంది. దాని కింద ఊలు మేజోళ్ళు.

విమానం వాలింది. తలుపు తెరుచుకోగానే నత్త బాత్‌రూమ్‌లో దూరి ఫోన్ తీశాడు.

"సార్, తూకం తప్పింది. అత్తరు దిగట్లేదు. ఇంకొకామెతో కోటూ, పాసూ, పాస్‌పోర్టూ మార్చుకుంది. వాళ్ళ దేశానికే పోతోంది!"

"నీకు మతిపోయిందా? నీలం కోటు మెట్లు దిగుతోంది. నా కళ్ళతో చూస్తున్నా."

"మొహం చూడండి సార్!"

ఫోన్‌లో పరుగెత్తుతున్న బూట్ల చప్పుడు. తర్వాత పెద్దాయన గొంతు పీలగా వచ్చింది. "ఈవిడెవరయ్యా బాబూ!"

"పైకి రండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఎలా రమ్మంటావ్? అత్తరు చేతిలో ఇప్పుడున్నది వాళ్ళ దేశపు పాస్‌పోర్టు. ఇక్కడినుంచి ముందుకు పోయేవాళ్ళు రెండు వందల పదకొండు మంది. ఒకామె దిగింది, ఒకామె ఉండిపోయింది. లెక్క సరిగ్గా ఉంది. లెక్క సరిగ్గా ఉంటే కెప్టెన్ నన్నెందుకు పిలుస్తాడు?"

నత్త ఫోన్ కట్టేశాడు. సరిగ్గా ఉన్న లెక్కను చెడగొట్టాలి. దానికి చేతిలో ఉన్న సరుకు ఒక్కటే, తన ఒళ్ళు.

క్యాబిన్ సగం ఖాళీ అయింది. దిగే జనం సందడిలో అతను ఒక మధ్య సీటులో కూలబడి, ఎవరో వదిలేసిన దుప్పటి నెత్తిదాకా లాక్కున్నాడు. ఇక్కడ కొత్తగా ఎక్కేవాళ్ళెవరూ లేరు. స్టీవార్డు చేతిలో లెక్కపెట్టే మిషన్ నొక్కుకుంటూ వరసలు నడిచాడు. నడిచి, ఆగి, మళ్ళీ మొదటికొచ్చాడు.

అంతలో పక్క సీటు కిర్రుమంది. గాలిలో అత్తరు వాసన.

"మీసం ఊడుతోంది నత్తగారూ," అంది దుప్పటి అంచు ఎత్తి, చంటిబిడ్డను పలకరించినంత ముద్దుగా. "ఏడో నంబరు మీ చెల్లెలే కదూ? మీరిప్పుడు మెల్లగా లేచి దిగిపోండి. అక్కడ దిగేలోపు ఆ ఒక్క పేరు కొట్టేస్తాను. నా ప్రాణం మీద ఒట్టు."

నత్త కాళ్ళు అతన్ని అడక్కుండానే లేవబోయాయి. ఒక్క పేరు. మెట్లు దిగితే చాలు. చెల్లెలు బతుకుతుంది. మిగతా పదిమందీ ఎవరో, వాళ్ళ మొహాలు కూడా తనకి తెలియవు.  బెల్టు మీది వేలు మీట దాకా వెళ్ళింది.

వెళ్ళి ఆగింది.

"పదకొండు పేర్ల కాగితంలో ఒకటి కొట్టేసి ఉంటే," అన్నాడు నత్త, మాట పెగలక పెగలక, "చదివేవాడు మొట్టమొదట వెలుతుర్లో పెట్టి చూసేది దాన్నే కదండీ?"

అత్తరు పెదవుల మీద నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలోంచి దిగిపోయింది. ఆమె లేచి తన సీటుకి వెళ్ళిపోయింది.

"రెండు వందల పన్నెండు," అంటున్నాడు స్టీవార్డు. "మూడుసార్లు లెక్కపెట్టా మేడమ్."

"పాసులు చూడండి," అంది పెద్ద స్టీవార్డెస్, గడియారం చూసుకుని.

నాలుగు నిమిషాల్లో నత్త దొరికిపోయాడు.

"సార్, మీ టికెట్ ఇక్కడివరకే. దిగాలి."

"దిగను."

"సార్?"

"ఎక్కేప్పుడు బతిమాలి ఎక్కించుకున్నారు, ఇప్పుడు పొమ్మంటే పోతానా? దిగను."

ఇద్దరు స్టీవార్డులు చెరో రెక్కా పట్టారు. నత్త రెండు కాళ్ళూ ముందు సీటు ఇనుపకడ్డీకి మెలేశాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. మీసం ఊడి ఎవరి ఒళ్ళోనో పడింది. వెనక వరసలో ఒక ముసలావిడ మేలుకుని, "పోనీలే నాయనా, ఒక మూల పడుంటాడు, వదిలెయ్యండి," అని సిఫారసు చేసింది.

కెప్టెన్ కాక్‌పిట్ వదిలి వచ్చాడు. రన్‌వే వంతు తప్పితే మళ్ళీ గంట ఆగాలి. నత్తను పైనుంచి కిందికి చూశాడు.

"తలుపు వెయ్యండి. ఈ పిచ్చివాణ్ణి అక్కడికే తీసుకుపోదాం. అక్కడివాళ్ళే చూసుకుంటారు."

అత్తరు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తలుపు సగం దాకా మూసుకుంది.

 నత్త తెలివితేటలన్నీ అయిపోయాయి. ఇక మిగిలింది గొంతు. పొలానికి ఆ చివరనున్న మనిషిని పిలిచేంత గొంతుతో అరిచాడు:

"నా సంచీ ఈ విమానంలోనే ఉంది! ఎక్కడ పెట్టానో చెప్పను!"

 రెండు వందల పదకొండు మందీ ఒక్కసారి లేచారు.

కెప్టెన్ మొహం తెల్లబోయింది. "తలుపు తియ్యండి! పోలీసుల్ని పిలవండి!"

పెద్దాయన సెక్యూరిటీ టోపీ పెట్టుకుని మెట్ల కిందే ఉన్నాడు. నలుగురు మనుషులతో రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు.

"అందరి పాస్‌పోర్టులూ చూడాలి కెప్టెన్‌గారూ. ముందు ఆ శాలువా అమ్మగారిది."

ఫోటోలో ఉన్న మనిషికి గడ్డం మీద శనగగింజంత పుట్టుమచ్చ. శాలువాలో ఉన్న మనిషికి లేదు. పెద్దాయన ఫోటోను చూశాడు, ఆమెను చూశాడు. పదేళ్ళు నమ్మిన మొహం అది. పాస్‌పోర్టు మూశాడు.

"మీ టికెట్ కూడా ఇక్కడివరకే అమ్మా," అన్నాడు చివరికి.

శాలువా అంచు కుట్టులో పదకొండు పేర్ల పల్చటి కాగితం దొరికింది.

విమానంలో అలాంటి కేకలకి శిక్ష తప్పదు. నలుగురి కళ్ళముందు విమానాన్ని బెదిరించినవాడిని నలుగురి కళ్ళముందే సంకెళ్ళు వేసి ఎయిర్‌పోర్టు పోలీసు గదికి తీసుకెళ్ళారు. పై నుంచి కాగితం వచ్చేవరకూ అక్కడి కానిస్టేబుల్‌కి అతనెవరో చెప్పే వీల్లేదు.

"ఒక్క ఫోన్ చేసుకో. లాయరుకే కదా?" అన్నాడు కానిస్టేబుల్.

నత్త సంకెళ్ళ చేతులతో నంబరు నొక్కాడు. ఎనిమిదిసార్లు మోగింది. తొమ్మిదోసారికి టైపు మిషన్ల చప్పుడు.

"ఏంటన్నయ్యా, ఆఫీసు టైములో? మా ఆఫీసరు గుర్రుగా చూస్తున్నాడు."

"ఏం లేదే... అన్నం తిన్నావా?"

"ఇక్కడ సాయంత్రం నాలుగున్నర! ఈ టైములో ఎవరైనా అన్నం తింటారా? నీకు పనీపాటా లేకపోతే నన్నెందుకు చంపుతావ్, పెట్టెయ్!"

టక్కున పెట్టేసింది. నత్త ఆ ఫోన్‌ను చెవికి ఆనించుకునే చాలాసేపు కూర్చున్నాడు, ముక్కు ఎగబీలుస్తూ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ.

"ఏమన్నాడు లాయరు?"

"నన్నెందుకు చంపుతావ్ అంది," అన్నాడు నత్త ఆనందంగా.

కానిస్టేబుల్ కుర్చీని ఒక జానెడు వెనక్కి జరుపుకుని, ఫారంలో 'బెదిరింపులు' అన్న గడి పక్కన 'రెండు' అని రాసుకున్నాడు.