లాంతరు తాతకి మూడు ఛాన్సులు

డ్రాగన్ నోరు తెరిచింది.

అబ్బో, ఎంత పెద్ద నోరో! ఒక్కో దవడ జానెడు పొడుగు. అంచులు తళతళా మెరుస్తున్నాయి. కిర్రుకిర్రుమంటూ బల్ల ఆ చివరి నుంచి ఈ చివరికి పాక్కుంటూ వచ్చింది.

"అమ్మా, మెల్లగా! నిన్ననేగా సాన పట్టించావు," అన్నాడు లంబు.

అవును మరి, ఆ డ్రాగన్ పిన్ని కత్తెర! పిన్ని టైలర్. ఆదివారం మధ్యాహ్నం షాపు షట్టర్ సగం దించేస్తే చాలు, బట్టలు కత్తిరించే బల్ల కాస్తా ఓ రాజ్యమైపోతుంది. సుద్దతో గీస్తే కొండలు, నదులు. దారం రీళ్ళు నిలబెడితే కోట బురుజులు. గుప్పెడు బొత్తాలు చల్లితే భూతాల గుంపు. హీరో ఎంత దూరం పరిగెత్తగలడో టేపు పెట్టి కొలుస్తారు.

ఈ ఆటలో కథ చెప్పేది పిన్ని. డ్రాగన్ల తరఫున, భూతాల తరఫున పాచిక వేసేదీ పిన్నే. పిల్లలు తలో హీరోగా ఆడతారు. హీరో ఏం చేయబోయినా ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద నంబరు పడితే మజా, చిన్నది పడితే వీపు విమానం మోతే.

లంబు పిన్ని కొడుకు. తాటిచెట్టంత పొడుగు. ఆటలో వాడు చప్పుడు చేయకుండా నడిచే దొంగ.

పిడుగు పిన్నికి అక్క కూతురు. అంత చక్కటి పిల్లకి ఆ పేరేమిటని అడక్కండి. ఓ పావుగంట పక్కన కూర్చుంటే మీకే తెలుస్తుంది. ఆటలో ఆమె మెరుపు రాణి. ఎర్రదారం చుట్టిన బాబిన్ ఆ రాణి బొమ్మ.

మూడో మనిషి పిట్ట. పిడుగు క్లాసే. క్లాసులో పిట్ట జవాబు చెబితే పక్క బెంచీకి కూడా వినిపించదు. "కాస్త గట్టిగా తల్లీ," అని టీచర్ రోజూ బతిమాలతారు. అలాంటి పిట్ట ఈ బల్ల దగ్గరికి రాగానే లాంతరు తాత అయిపోతుంది. లాంతరు తాత అంటే ముసలి మంత్రగాడు. మెరిసే ఇత్తడి బొత్తాం ఆయన.

"ఎవడ్రా అక్కడ! నా లాంతరు ముందు మీ చీకటి ఎంత!" అని తాత మొదటిసారి గర్జించినప్పుడు అందరికన్నా ఎక్కువ ఉలిక్కిపడింది పిట్టే. ఆ గొంతు తనదేనని నమ్మలేకపోయింది పాపం. అప్పటినుంచీ ఒక్క ఆదివారం కూడా ఆట మానలేదు.

ఇవాళ బల్ల మీద ఒకటి కాదు, రెండు రూల్ బుక్కులున్నాయి.

ఒకటి పిన్నిది. కాలేజీ రోజుల్లో కొన్నది. అట్ట ఊడిపోతే పాత జీన్స్ గుడ్డతో కొత్త అట్ట కుట్టుకుంది. రెండోది పిడుగుది. పుట్టినరోజుకి నాన్న కొనిచ్చాడు. ఆట అదే, కానీ కొత్త ఎడిషన్. నున్నటి కాగితం, పేజీ పేజీకీ రంగుల బొమ్మ. వారం రోజులుగా పిడుగు దాన్ని తిండి దగ్గర కూడా వదల్లేదు.

"ఒకే ఆటకి ఇన్ని తేడాలా పిన్నీ!" పిడుగు రెండు పుస్తకాలూ పక్కపక్కన పరిచింది. "పాతదాంట్లో డాలు నంబరు ఎంత తగ్గితే అంత గట్టిదట. కొత్తదాంట్లో ఎంత పెరిగితే అంత గట్టిది. ఇదేం తలకిందుల లెక్క?"

"మేం అలాగే నేర్చుకున్నామే. బుర్ర గిర్రున తిరిగేది," అని నవ్వింది పిన్ని.

"పాతదాంట్లో మంత్రగాడు ఒక్క మంత్రం వేస్తే మళ్ళీ రేపే. కొత్తదాంట్లో చిన్న మంత్రాలు ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు!"

"ఆహా, చల్లగా ఉండు మనవరాలా!" అన్నాడు లాంతరు తాత. అంటే పిట్ట.

"ఇది వినండి. పాతదాంట్లో ప్రాణాలు సున్నాకి వచ్చాయంటే హీరో చచ్చాడంతే. కొత్తదాంట్లో స్పృహ తప్పి పడిపోతాడు. మూడు ఛాన్సులిస్తారు. పాచిక మీద ఒక్కసారి పదో, అంతకన్నా ఎక్కువో పడితే లేచి కూర్చుంటాడు!"

"అయితే పాతది అత్తగారు, కొత్తది అమ్మమ్మ," అని తేల్చేశాడు లంబు.

"ఆడకుండానే ఎలా తేలుస్తావురా? ఇవాళ రెండూ కలిపి ఆడి చూద్దాం," అంది పిన్ని. "ఏది బాగుందో చివర్లో పిడుగు చెప్పాలి. ఇవాళ్టికి అదే రూల్స్ మంత్రి."

మంత్రి! పిడుగు ఎగిరి గంతేసింది. బల్ల అదిరి రెండు బురుజులు దొర్లిపోయాయి.

"ఇంకో మాట. మీ హీరోల బొమ్మలు గీసి తెచ్చారుగా? డ్రాగన్‌ని పడగొట్టిన హీరో బొమ్మని ఆ నిలువుటద్దం పక్కన పెడతా. కొలతలకి వచ్చిన ప్రతి మనిషీ చూడాల్సిందే."

పిడుగు అద్దం వైపు చూసింది. పక్కన ఖాళీ గోడ. అక్కడ మెరుపు రాణి నిలబడితే ఎంత బాగుంటుందో!

యుద్ధం మొదలైంది. ముందు ఎవరి వంతో తేలడానికి తలో పాచిక వేశారు. లంబుకి పద్దెనిమిది. పిట్టకి పదకొండు. పిడుగుకి రెండు.

"ఆగండాగండి!" పిడుగు పాత పుస్తకం లాగింది. "ఇందులో జట్టంతటికీ ఒకటే పాచిక! అన్నయ్య పద్దెనిమిదే నాది కూడా!"

మంత్రి చెప్పాక తిరుగేముంది? సరేనన్నారు. భూతాల గుంపు మీద పడ్డారు. బొత్తాలు ఒక్కొక్కటే బల్ల దిగిపోతున్నాయి. కానీ కోట గుమ్మం దగ్గర ఓ నల్లబొత్తాం భూతం మెరుపు రాణిని వెనకనుంచి కొట్టింది. ప్రాణాలు సున్నా!

ఈసారి పిడుగు చెయ్యి కొత్త పుస్తకం మీదికి పోయింది. "మూడు ఛాన్సులు! నాకు మూడు ఛాన్సులు!"

మొదటిసారి ఆరు. రెండోసారి పద్నాలుగు!

"లేచింది! మా రాణి లేచింది!" ముగ్గురూ అరిచిన అరుపుకి వీధిలో కుక్క మొరిగింది.

లంబు తల గోక్కున్నాడు. "ఇందాక పాతదన్నావ్, ఇప్పుడు కొత్తదా?"

"రెండూ ఆడి చూద్దామందిగా పిన్ని!" అంది పిడుగు. అంతలో డ్రాగన్ బురుజు మీదినుంచి దూకింది. ఇంక ఆ మాట ఎవరికి గుర్తుంటుంది?

ఏం యుద్ధమండీ అది! దొంగ డ్రాగన్ తోక ఎక్కాడు, జారి నదిలో పడ్డాడు. మెరుపు రాణి రెక్క నరికింది. లాంతరు తాత వెలుగు మంత్రంతో దాని కళ్ళు బైర్లు కమ్మేలా చేశాడు. డ్రాగన్‌కి ఇక మిగిలినవి మూడే ప్రాణాలు. ఒక్క దెబ్బ తగిలితే ఖతం.

అప్పుడే డ్రాగన్ ఆఖరిసారి నిప్పులు కక్కింది. పిన్ని పాచిక వేసింది. పంతొమ్మిది. మంటలు సూటిగా తాతను చుట్టేశాయి. తాత ప్రాణాలు సున్నా.

సరిగ్గా అదే సమయానికి షట్టర్ మీద ఎవరో టకటకా కొట్టారు. కోటు తీసుకోవడానికి వచ్చిన కస్టమర్. "మీరు కానివ్వండి, మంత్రిగారు ఉన్నారుగా," అని పిన్ని బయటికి వెళ్ళింది.

తర్వాతి వంతు తాతది. ఆ తర్వాత మెరుపు రాణిది. తాత లేచాడా, ఆ ఆఖరి దెబ్బ ఆయనే కొడతాడు.

పిట్ట పాచిక అందుకుంది. "మూడు ఛాన్సులు కదా?"

పిడుగు అద్దం పక్కనున్న ఖాళీ గోడ చూసింది. జీన్స్ అట్ట పుస్తకం తెరిచింది.

"లేవు. పాత పుస్తకం ప్రకారం సున్నా అంటే సున్నాయే. తాత చచ్చిపోయాడు."

లంబు ఒంటికాలి మీద లేచాడు. "ఏంటే ఇది? నీకో న్యాయం, దానికో న్యాయమా?"

"నేను రూల్స్ మంత్రిని! పుస్తకంలో లేనిది చెప్పానా? చూస్కో, ఇక్కడే ఉంది!" అంటూనే పిడుగు పాచిక విసిరింది. పదహారు. "గెలిచా! డ్రాగన్ చచ్చింది! మెరుపు రాణి గెలిచింది!"

ఎవరూ అరవలేదు. వీధిలో కుక్క కూడా మొరగలేదు. పిడుగు గబగబా తన బొమ్మ తీసుకెళ్ళి అద్దం పక్కన తనే గుండుసూది గుచ్చింది. వెనక్కి తిరిగేసరికి పిట్ట ఇత్తడి బొత్తాన్ని బొత్తాల డబ్బాలో వేసేస్తోంది. వందల బొత్తాల్లో అదీ ఒకటై కలిసిపోయింది.

"నేను ఇంటికెళ్తా," అంది పిట్ట. అచ్చం క్లాసులో మాట్లాడినట్టే అంది. షట్టర్ కింద నుంచి వంగి వెళ్ళిపోయింది.

లంబు దారం రీళ్ళు సర్దసాగాడు.

పిన్ని లోపలికి వచ్చింది. చచ్చిన డ్రాగన్‌ని చూసింది. గోడ మీది బొమ్మను చూసింది. పిట్ట కూర్చున్న ఖాళీ స్టూలునూ చూసింది.

"ఆట అయిపోయిందా? అయితే చెప్పు మంత్రీ, రెండింట్లో ఏది బాగుంది? పాతదా, కొత్తదా?"

పిడుగు నోరు తెరిచింది. పాతది బాగుందందామా? పాతదైతే మెరుపు రాణి కోట గుమ్మం దగ్గరే పోవాలి. కొత్తది బాగుందందామా? కొత్తదైతే తాతకి మూడు ఛాన్సులు ఉండాలి. ఎటు చూసినా దొరికిపోయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"పిన్నీ... నేను పాతదీ ఆడలేదు, కొత్తదీ ఆడలేదు," అంది చివరికి. "నాకేది పనికొస్తే అది తీశాను. అందులో నేను తప్ప ఎవరూ గెలవరు."

పిడుగు ఇక ఆగలేదు. షట్టర్ కింద నుంచి దూసుకుపోయి వీధిలో పడింది. సైకిల్ షాపు మలుపు దగ్గర పిట్ట కనిపించింది.

"పిట్టా, ఆగవే! తప్పు నాదే! రావే, తాతకి ఛాన్సులున్నాయి!"

పిట్ట ఏదో అంది.

"ఏంటి? వినపళ్ళేదు. గట్టిగా చెప్పు!"

"తాత లేడుగా. గట్టిగా ఎలా చెప్పను?"

పిడుగుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిట్ట చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ పరుగెత్తారు.

షాపులోకి రాగానే పిడుగు గోడ మీది మెరుపు రాణి బొమ్మను పీకేసింది. కత్తెరని మళ్ళీ నిలబెట్టింది. "నా ఆఖరి దెబ్బ లెక్కలోకి రాదు. డ్రాగన్ బతికే ఉంది. ఇక ఆట అయ్యేదాకా కొత్త పుస్తకమే. నాకైనా, తాతకైనా, దొంగకైనా!"

బొత్తాల డబ్బా బోర్లించారు. నలుగురూ వెతికారు. "దొరికాడు తాత!" అని లంబు ఇత్తడి బొత్తాన్ని చొక్కాకి తుడిచి బల్ల మీద పెట్టాడు.

పిట్ట పాచిక వేసింది. నాలుగు.

"పోన్లే, ఇంకా రెండున్నాయి," అంది పిడుగు. పిట్ట కన్నా తనకే ఎక్కువ చెమటలు పడుతున్నాయి.

రెండోసారి. పాచిక తిరిగింది, తిరిగింది, ఆగింది. తొమ్మిది!

"అయ్యో, ఒక్కటి! ఒక్కటంటే ఒక్కటి తక్కువైంది!" లంబు నెత్తి బాదుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్క ఛాన్సే. పిట్ట కళ్ళు మూసుకుని విసిరింది. మరీ గట్టిగా విసిరింది! పాచిక బురుజుకి తగిలి, బల్ల దాటి, నేల మీద టకటకా ఎగిరి, కుట్టుమిషన్ కిందికి దొర్లిపోయింది.

పిడుగు బోర్లా పడుకుని మిషన్ కిందికి దూరింది. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"ఎంత పడింది? పిడుగూ, ఎంత పడిందే?" పైనుంచి అరుపులు.

మిషన్ కిందనుంచి పిడుగు గొంతు వచ్చింది.

"నేను కళ్ళు మూసుకున్నా! పాచిక కింద పడితే లెక్కా, కాదా? ముందు రూలు చెప్పండి. అప్పటిదాకా చూడను!"

లంబు కొత్త పుస్తకం తిరగేశాడు. పాతది కూడా తిరగేశాడు. "రెండింట్లోనూ లేదు!"

"అయితే మనమే పెట్టుకుందాం. తొందరగా తేల్చండి, ఇక్కడ దుమ్ముకి తుమ్మొస్తోంది!"

"బల్ల మీద పడిందే లెక్క. కింద పడితే మళ్ళీ వేయాలి. ఎవరికైనా అంతే," అన్నాడు లంబు. పిట్ట తలూపింది. పిన్ని సరేనంది.

పిడుగు తడిమి తడిమి పాచికని పిడికిట్లో బిగించింది. కళ్ళు మూసుకునే వెనక్కి పాక్కుంటూ వచ్చింది. జుట్టు నిండా దారప్పోగులు, ముక్కు మీద నూనె మరక. ఆ పిడికిలిని పిట్ట చేతిలో తెరిచాకే కళ్ళు విప్పింది.

పిట్ట వేసింది. ఈసారి మెల్లగా. పాచిక సుద్దనది దాటి, కోట గుమ్మం దగ్గర ఆగింది.

పన్నెండు!

"ఎవడ్రా నన్ను చచ్చాడన్నది!" లాంతరు తాత గర్జనకి పిన్ని చెవులు మూసుకుంది. "నా లాంతరులో ఇంకా నూనె ఉందిరా!"

వీధిలో కుక్క ఒకటే మొరుగుడు. తాత మంత్రం వేశాడు. పదిహేడు. డ్రాగన్ దబ్బున కూలింది. అందరికన్నా గట్టిగా అరిచింది పిడుగే. నిలువుటద్దం పక్కన లాంతరు తాత బొమ్మను పెట్టి, గుండుసూది గుచ్చిందీ ఆమే.

బొత్తాలు ఏరుతుంటే లంబు పిడుగుని మోచేత్తో పొడిచాడు. "నిజం చెప్పు. మిషన్ కింద ఎంత పడింది?"

"ఏమో!" అంది పిడుగు జుట్టులోంచి దారప్పోగు లాక్కుంటూ. "నేను చూళ్ళేదుగా."